పాడైన ప్లేటు

ఆ చలికాలం
మా కొండకి కరెంటెప్పుడొస్తుందో
టిబిలిసీలో అడిగినా ఎవరికీ తెలీదు.
రొట్టెల వరసలో సగం పగలు,
గుమ్మటం కింద సగం రాత్రి.
నోదార్ తన కోటు మీద
చనిపోయిన మామగారి కోటు తొడుక్కునేవాడు.

మూడు రాత్రులు దొరికిందది.
చుక్కలన్నీ చుక్కల్లానే ఉంటే
అదొక్కటే నలభై నిమిషాల్లో వెంట్రుకంత జరిగి
గాజు మీద చిన్న గీతయ్యేది.
నిలబడ్డవాళ్ళ మధ్య నడుస్తున్నవాణ్ణి పట్టుకోవడం,
దానికే మాకు జీతం, ఇచ్చిన నెలల్లో.

మూడు చోట్లు తెలిస్తే దారి తెలిసినట్టే.
తెలిసినట్టే గాని, తెలిసినట్టు కాదు.

నాలుగో రాత్రి
మూత తీసిన తొమ్మిదో నిమిషాన మోటారు ఆగిపోయింది.
కింద లోయంతా ఒక్కసారి ఆరిపోయింది.
భూమి ఆగదు కదా.
మూసేద్దామా, అన్నాను.
నోదార్ చేతితొడుగు పళ్ళతో లాగేసి
ఇత్తడి పిడి పట్టుకున్నాడు.
కళ్ళల్లో వత్తులేసుకుని
ఒక్క చుక్కని దారాల కూడలిలో నిలబెడుతూ
ముప్పై ఒక్క నిమిషాలు
అంత బరువునీ చేత్తో తిప్పాడు.
నేను టార్చి వెలుగులో
గడియారం పైకి చదువుతూ ఉన్నాను.

తెల్లారి కడిగి చూస్తే
ప్రతి చుక్కా వణికి ఉంది.
కవరు మీద పెన్సిల్‌తో నేనే రాశాను:
పాడైంది.

తర్వాత పన్నెండు రోజులు మబ్బు.
ఆ తర్వాత అదెక్కడుందో లెక్కకి అందలేదు.
నోదార్ కుటైసీలో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు.
అక్కడే పోయాడు, ఊపిరితిత్తులు.

ఈ మే నెలలో
ఎలెనే కంప్యూటరు ముందు నుంచి కేకేసింది.
సముద్రాల అవతల ఎవరికో కొత్త శకలం దొరికిందట,
వెనక్కి లెక్కకడితే
ఆ జనవరిలో మా నెత్తి మీదే తేలిందట.
"బెబో, నాలుగో రాత్రి ప్లేటుందా?"
బెబో అంటే అమ్మమ్మ. నాకు పిల్లల్లేరు.

బీరువాలో ఎలుకల వాసన.
వెలుగుబల్ల మీద పెట్టి భూతద్దం వంచాను.
నాలుగొందల చుక్కలు,
నాలుగొందల సార్లు నోదార్ చెయ్యి.
ఇక్కడ దగ్గాడు.
ఇక్కడ వేళ్ళు మొద్దుబారి పట్టు మార్చాడు.
ఈ వంకర, బహుశా
నేనేదో అని నవ్వించినప్పటిది.
అన్నీ ఒకే దస్తూరీ.

ఒక్కచోట మాత్రం
ఆ దగ్గు కాస్త సాగి ఉంది,
పట్టు మారిన చోటు కాస్త ఎడంగా ఉంది,
అవే అక్షరాలు
నడుస్తున్న కాగితం మీద రాసినట్టు.

ఎలెనే వేలు పెట్టి చూపించబోయింది.
గాజు ముట్టుకోకు, అన్నాను.
గట్టిగానే అన్నాను.

కొలిచాం. రెండు అంకెలు, ఒక వేళ.
పంపాల్సిన పట్టీలో గడులన్నీ నిండాయి.
వణుకుకి గడి లేదు.
చూసినవారు అన్నచోట
అతని పేరు ముందు రాయించాను.

కవరు మీది మాట చెరిపేద్దామని
ఎలెనే రబ్బరు తెచ్చింది.
ఉండనీ, అన్నాను.
ఆ రాత్రికది నిజమే.

ఇవాళ అది కన్యారాశిలో ఉందట.
మా పాత అద్దానికి ఆనదు.
అయినా గుమ్మటం తెరవమన్నాను,
ఊరికే,
కాసేపు.