చేబదులు

దివాళా తీశానని చెప్పుకోడానిక్కూడా
డబ్బు కావాలని నాకు తెలీదు.

నెల్లూరు కోర్టు ఎదురుగా, జిరాక్సు కొట్టు మెట్టుమీద
గుమాస్తా మాల్యాద్రి లెక్కగట్టి చెప్పాడు:
స్టాంపులు, టైపు, వకాల్తా,
అప్పులోళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో నోటీసు.
ముప్పై ఏడు పేర్లు, ముప్పై ఏడు రిజిస్టరు పోస్టులు.
"మూడు వేలు తెచ్చుకో అన్నా,
సోమవారం ఐపీ పడేద్దాం"
చెత్త పడేద్దాం అన్నంత తేలిగ్గా.

లిస్టు నా చొక్కా జేబులో ఉంది.
మొదట మేత కంపెనీ, తర్వాత పిల్ల తోలిన హేచరీ,
ఐసు ఫ్యాక్టరీ, డీజిలు బంకు,
ఏరియేటర్లు బాగుచేసే ఖాజా.
ఆ కింద నా రక్తం మొదలవుతుంది.
పెంచలయ్య బావ, ఆరు లక్షలు.
సడ్డకుడు, రెండున్నర.
చిన్నాయన కొడుకు, లక్షా పది
(వాడి పెళ్ళికి నేను పెట్టిన ఉంగరం కూడా అందులోనే కుదువపోయింది).
తెల్లమచ్చ తగిలిన వారం
రొయ్యలన్నీ గట్టుకొచ్చి పడుకున్నట్టు
వీళ్ళంతా ఈ కాయితం మీదికొచ్చి
వరసగా పడుకున్నారు.

మూడు వేలు ఎవర్నడగాలి?
ఫోన్లో పేర్లు జరుపుకుంటూ పోయాను.
ఇది లిస్టులో ఉంది.
ఇదీ ఉంది.
ఇదీ.
అడగడానికి మిగిలింది
రాయకుండా వదిలేసిన ఒక్క మనిషే.

బుచ్చి బస్సెక్కాను.
ఎట్టా అడగాలో మూడు రకాలుగా అనుకున్నా.
మొదటిదాంట్లో ఏడుపుంది,
రెండోదాంట్లో అబద్ధముంది,
మూడోది నోటికి రాకముందే బస్టాండొచ్చింది.

వెంగమ్మత్త దోసెపిండి అమ్ముతుంది.
గ్రైండరు ఆపి
"ఏందబ్బయ్యా, ఇట్టా చిక్కిపోయుండావే" అంది.
దోసె పోసింది, ఎర్రకారం పూసింది.
తినకముందు అడిగితే తిండి దిగదు.
తిన్నాక అడిగితే
తిన్నింటి మీద ఇంకో అప్పు.
రెండో దోసె మడతలో ఎక్కడో అడిగేశాను.

"ఇస్తాలే. ముందు ఇది చెప్పు.
ఆ కాయితంలో నా పేరు ఎన్నోది?"

లేదన్నాను.

అట్లకాడ పెనం మీదే ఆగిపోయింది.
"అందరివీ రాసి నాది రాయలేదా?
పెంచలయ్యవి రూపాయలు,
నేనిచ్చినవి చింతపిక్కలా?
నష్టానికి పాడి ఎత్తిన చీటీ గదరా అది,
నలభై వేలు!"

ఎట్టా చెప్పేది,
రాసిన ప్రతి పేరూ
ఇంక ఇయ్యలేనని పెట్టిన సంతకమని,
రాయంది ఒక్కటే
ఇస్తానని.
చెప్పాననే అనుకుంటా, సగం సగం.
దోసె మాడిన వాసనొచ్చింది.

చేతులు కడుక్కుని
తలుపు వెనక్కి రమ్మంది.
గోడమీద పిండి బాకీలు, సుద్దముక్క గీతలు.
హాస్టలు వార్డెను, మిషను కుట్టే రమీజా,
మూడో వీధి కాంపౌండరు.
అన్నిటికంటే పైన, స్టూలెక్కి రాసినట్టు
వంకర అంకెల్లో నేను.
గోడంతా కొత్తగా వెల్ల వేసుంది.
ఆ జానెడు చోటు మాత్రం పాతది.

నా అంకె కింద మూడు వేలు వేసింది.
"కళ్ళజోడు లేదు, కూడి చెప్పు."
"నలభై మూడు."
"సరిపోయిందా?"
"సరిపోయిందత్తా."
ఈ ఏడాదిలో నా లెక్క ఒకటి
సరిపోవడం అదే మొదలు.

తిరుగు బస్సులో జేబుకి రెండువైపులా బరువు.
ఒకవైపు లిస్టు,
ఒకవైపు మెంతుల వాసనేసే నోట్లు.

అడిగితే ఇచ్చేదీ బదులే,
పిలిస్తే పలికేదీ బదులే.
మొదటిది తీర్చలేక
రెండోది కూడా ఎగ్గొడుతున్నాను ఏడాదిగా.

పెన్న వంతెన మీద ఫోను మోగింది.
పెంచలయ్య బావ.
బొటనవేలికి ఇంకా ఎర్రకారం.
ఎత్తాను.
ఏటి గాలికి
ఆయన తిట్టిందీ నాకు వినబడలేదు,
నేను పలికిందీ ఆయనకి వినబడుండదు.