పన్నెండు ఆకులు

నాలుగువందల పన్నెండో వరసలో
ఒంటరిగా ఒకే మాట: లీవ్.
ముందు వాక్యం లేదు, వెనక బొమ్మ లేదు.
బెళ్లందూరులో ఏడో అంతస్తు మీద నేను,
యూట్రెక్ట్‌లో ఏదో వంటింటి బల్ల దగ్గర మార్లూస్,
మధ్యలో నాలుగున్నర గంటలు.

ఇది సెలవు అడిగే బటనా? అయితే ఫెర్లోఫ్, అంది.
గుంపులోంచి తప్పుకునేదా? ఫెర్లాటెన్.
బండి కదిలే వేళా? ఫెర్ట్రెక్కెన్.
బస్సులో గొడుగు మరిచి దిగిపోవడమా,
దానికి వేరే ఉంది.
నా జోలికి రాకు, వదిలేయ్ అనడమా,
దానికీ వేరే ఉంది.
"బొమ్మ పంపు. చూడకుండా చెప్పలేను."

బొమ్మ ఇంకా ఎవరూ గీయలేదు.
ఏదో ఒకటి పెట్టేయండి, సాయంత్రానికి వెళ్లిపోవాలి,
అన్నాడు మా గుండూరావు.

అంతకుముందు మిషను చేసిన చిత్తులో
లీవ్స్ అన్నచోటల్లా చెట్టు ఆకులు పడ్డాయి.
మీకు ఇంకా పన్నెండు ఆకులు మిగిలాయి.
ఈ నెల మీరు రెండు ఆకులు వాడుకున్నారు.
మార్లూస్ నవ్వి ఎర్రగీత కొట్టింది.
నేను మాత్రం కాసేపు దిద్దలేదు.
లెక్కేసుకుంటూ కూర్చున్నాను:
చెల్లెలి కాన్పుకి నాలుగు,
డెంగీకి ఐదు,
ఒకటి ఊరికే,
తలుపేసుకుని ఫ్యాను కేసి చూడ్డానికి.
నా కొమ్మకి ఇంక రెండు.

రాత్రి గేటు దగ్గర డ్యూటీ దిగుతూ
హోగ్బర్తీని మేడమ్, అన్నాడు మంజప్ప.
పోతాననడు, పోయి వస్తానంటాడు.
మా ఇంట్లోనూ అంతే,
ఉత్త 'వెళ్తున్నా' నోరు జారితే
మళ్లీ లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి
సరిగ్గా అనిపించి పంపేవాళ్లు.
బటన్ మీద పట్టేది పది అక్షరాలు.
రావడానికి చోటుండదు.

ఫిబ్రవరి ఆఖర్న మార్లూస్ రాసింది.
వచ్చే నెల నుంచి అంతా మిషనేనట,
ఎర్రగీతలు కూడా.
మీ భాషలో వీడ్కోలుకి ఏమంటారు, అని అడిగింది.

సెలవు, అని రాశాను.
అంటే?
అంటే ఆదివారం.
అంటే అనుమతి.
పెద్దాయన నోరు విప్పితే సెలవిచ్చారంటాం.
కిరాణా కొట్లో, లెక్క తేలక
చిల్లర చేతిలో పెడుతూ, ఇక సెలవా, అంటాం.
మనిషి పోతే పేపర్లో ఫొటో కిందా అదే.
ఇంగ్లీషులో రాయాలంటే, మార్లూస్,
లీవ్.

చుక్కలు మూడూ చాలాసేపు కదిలాయి అటువైపు.
ఆగాయి. మళ్లీ కదిలాయి.
చివరికి వచ్చింది ఇంతే:
"బొమ్మ పంపు."

ఇంకా పంపలేదు.