నిమిషానికి ఎన్ని మాటలు

బురేలా రేవు మీద వాన మొదలైంది.
రికార్డర్‌లో పడకూడదని కిటికీ మూశాను.

బల్ల మీద బొమ్మ:
పొంగిపోతున్న పాలు, కుర్చీ ఎక్కిన పిల్లాడు,
రొట్టె ఎత్తుకుపోతున్న సీగల్.
"కనిపించింది చెప్పండి, దొన్ ఎలాదియో."
గడియారం నొక్కాను.

ముప్పై ఏళ్లు ఈ రేవులో చేపల వేలం పాడిన మనిషి.
ఆయన నోట ధర దిగుతుంటే
చచ్చిన హేక్ చేపలు కూడా చెవులు రిక్కిస్తాయనేవాడు మా నాన్న.

"పాలు."
పదకొండు సెకన్లు.
"పాలు... వద్దు... ఆ... పిల్ల..."
పెదవుల మీద ఒక అక్షరం కూడగట్టుకుని
ఊపిరిగా పోయింది.
కుడిచెయ్యి ఒళ్లో ఉంది, బస్సులో ఎవరో మర్చిపోయిన సంచిలా.
ఎడంచేత్తో సీగల్‌ని బల్ల మీంచి తోలాడు.
ఎక్కడ రాయను దీన్ని?
ఈ కాగితంలో చేతికి గడి లేదు.

నిన్న ఇదే కుర్చీలో ఒబ్దూలియా.
గుక్క తిప్పుకోలేదు, నవ్వింది, నన్ను ఏదో మందలించింది కూడా.
నిమిషానికి నూట అరవై మాటలు.
అందులో పాలు లేవు, పిల్లాడు లేడు,
"లోరిమెట" అని ఏ భాషకీ చెందని మాట ఒకటి
ఆరుసార్లు, బతిమాలుతున్నట్టు.
ధారాళత: పదికి తొమ్మిది.
ఆ అంకె చూసి కూతురు నా చెయ్యి పట్టుకుంది సంతోషంగా.
అప్పుడే చెప్పాల్సింది. సాయంత్రం దాకా చెప్పలేదు.

ఈయనకి రెండు వేశాను.
ఇక మిగిలింది అలవాటు మాటల పరీక్ష:
"ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి."
కాదన్నట్టు తలూపాడు. కళ్లు మూసుకున్నాడు.

పది తొమ్మిది తొంభై తొమ్మిది ఎనభై తొమ్మిది డెబ్భై తొమ్మిది అరవై
చీకట్లో సొంతింటి మెట్లు దిగే కాళ్లలా దిగుతోంది ధర,
ఎనిమిది దాటింది, ఏడు దాటింది,
ఒక్క అంకె కూడా జారలేదు.
వరండాలో చక్రాల కుర్చీ తోసుకెళ్తున్న కుర్రాడు
ఆగి తలుపులోంచి తొంగిచూశాడు.

ఆరు నలభై దగ్గర ఆగాడు.
నన్నే చూస్తున్నాడు.
మాట అందక ఆగడం కాదది.
పదిహేడేళ్లుగా ఆగడాలు కొలవడమే నా జీతం, నాకు తెలుసు.
కొనేవాళ్ల కోసం చూస్తున్నాడు.

పెన్ను పట్టుకున్న చెయ్యి ఎత్తాను.

"ఎన్ని పెట్టెలు?"

రికార్డర్‌లో ఆ తర్వాత
ఆరు సెకన్ల వాన.
ఆ ఆగడం నాది.