ముర్రుపాలు

ముహర్రక్ ఒడ్డుకు ఈగలకంటే ముందు మేమే చేరినం.
మున్సిపాలిటీ బండి, రెండు పారలు, ఒక టార్పాలిన్.
డాల్ఫిన్ పిల్ల. పండ్లు ఇంకా సరిగ్గ మొలవలే.

హెస్సా మేడం కోసింది, నేను పట్టుకున్న.
తోలు కింద బెత్తెడు కొవ్వు, తెల్లగ, మైనం లెక్క.
"నూనె ఉంది ఇందుల" అన్నది.
ట్రాన్స్‌ఫార్మర్ల నూనె,
ఆమె పుట్టకముందే అమ్మొద్దని ఆపిన సరుకు.
ఆపినా ఆగలే.

నాకు సదువు లేదు గని మిత్తి తెలుసు.
ఏజెంటుకు రాసిచ్చిన నోటు, నూటికి మూడు.
నాచు మీద చుక్క, రొయ్యల రెండు,
సాఫీ చేపల ఇరవై,
తల్లి ఒంట్ల ఎంతయితదో
ఈ లెక్క నాకు కొత్త గాదు.

మా ఊర్ల ఎవని మీదన్న కోపమొస్తే
కొవ్వెక్కిందిర నీకు అంటం.
దీనికి ఎక్కింది ఎవని కొవ్వో.

తల్లికి దించుకునే దారి ఒక్కటేనట, పాలు.
ముర్రుపాలతోనే మొదలు.
తొలిసూరు పిల్లకే ఎక్కువ పోతదట,
తర్వాతవి కొంచెం నయమట.
గ్లౌజులు విప్పుకుంట చెప్పింది మేడం,
తను కూడ ఇంట్ల పెద్దబిడ్డనేనని నవ్వింది.

నేనూ తొలిసూరోణ్ణే.
నాయిన సచ్చినంక నోట్లన్నీ నా పేరుకు మారినయి.

రాత్రి క్యాంపుల బక్కన్న సాఫీ పులుసు పెట్టిండు.
చింతపండు ఎక్కువైంది.
ముండ్లు తీసుకుంట తిన్న.
అవతల, దీపాలు ఆగిపోయిన కాడ,
ఒకటి
ఎవ్వరికీ ఇయ్యలేని పాలతోని
ఇంకా తిరుగుతుంటది.