ఓస్, ఇంతేనా

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాను.
ఒకటి, రాగిపూతలో కరెంటును ఎదురు తిప్పిన
ఎవరిదో పాత వ్యాసం.
రెండోది నికెల్ తొట్టి మీద చేతిపుస్తకం,
నలభయ్యో పేజీలో నూనె మరక.
రెంటినీ కలిపితే
మునీరుద్దీన్ కనిపెట్టింది వచ్చేస్తుంది.
ఇదీ నా వాదన. ఇందుకే నాకు ఫీజు.

చట్టంలో ఒక మనిషుంటాడు,
ఆ విద్యలో ఆరితేరినవాడట.
అచ్చయిన ప్రతి ముక్కా చదివి ఉంటాడు,
జర్మన్‌లో రాసినా జపానులో దాచినా.
అన్నీ తెలుసు, ఊహ మాత్రం లేదు.
వాడికి తట్టే పనికి పేటెంటు ఇవ్వరు.
ఇరవై రెండేళ్లుగా వాడి తరఫున మాట్లాడుతున్నాను,
ఒక్కనాడూ ఎదురుపడలేదు.

వెతుక్కుంటూ బాలానగర్ పోయాను.
పంపుల ఫ్యాక్టరీ వెనక సందు, రేకుల షెడ్డు,
ఆసిడ్ ఘాటుకి ముక్కు మండి కళ్లు తుడుచుకుంటే
ఎదురుగా చిలకపచ్చ తొట్టి.
మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో కొమురెల్లి
తీగలకి వాల్వులు గుచ్చుతున్నాడు.

మధ్యలో కరెంటు ఆగితే? అని అడిగాను.
"ఏమైతది, ఉల్లిపొర లెక్క లేస్తది.
స్విచ్చి ముట్టినందుకు ఓసారి
మా పాత ఉస్తాద్ చెంప వాయగొట్టిండు."
నా చేతిపుస్తకమూ ఆ మాటే అంటుంది,
చెంపదెబ్బ ఒక్కటి తక్కువ.

మునీరుద్దీన్ మూడుసార్లు ఆపుతాడు.
కావాలనే.
ఆపి, పదకొండు సెకన్లు ఎదురు తిప్పి,
మళ్లీ సరిగ్గా తిప్పుతాడు.
దీని వెనక కోతల ఎండాకాలం ఒకటుంది,
జనరేటర్‌కి డబ్బుల్లేక, పాడైన సరుకు పారెయ్యబుద్ధి కాక
తీగలు తారుమారుగా తగిలించిన రాత్రి ఒకటుంది.
ఆ తర్వాత చెడగొట్టిన వాల్వులు పద్నాలుగు వందలు.
కూతురి లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో,
ఉర్దూ అంకెల్లో, ఒక్కటీ వదలకుండా.

ఒక వాల్వు నా చేతిలో పెట్టాడు.
స్కూటర్ తాళంచెవితో గట్టిగా గీశాను.
తాళంచెవి అరిగింది.

పొడుపుకథ విప్పాక
ఓస్, ఇంతేనా అనని పిల్లాడు లేడు.
విప్పకముందు వాడి మొహం మాత్రం
వాడికే గుర్తుండదు.
నేను చెప్పాల్సింది ఆ మొహం గురించి,
జవాబు తెలిసిపోయిన నోటితో.

ఆ రెండు కాగితాల మధ్య ముప్పయ్యొక్క ఏళ్లు.
వేర్వేరు ఊళ్లు, వేర్వేరు అరలు, వేర్వేరు దుమ్ము.
పక్కపక్కన పెట్టిందెవరు?
నేనే.
ఎప్పుడు?
అతని దరఖాస్తు చదివాక.

చాయ్ సాసర్లో పోసుకుంటూ అన్నాడు మునీరుద్దీన్,
"అంత ఆసాన్ పనైతే సాబ్,
మా అబ్బా ఎందుకు చెయ్యలే?
పందొమ్మిదేండ్లు నేనెందుకు చెయ్యలే?"
ఇదే మాట తీర్పుల్లో నాలుగు పేజీలుంటుంది.
"నాకిప్పుడు మస్తు ఈజీ," అన్నాడు కొమురెల్లి,
తల ఎత్తకుండానే.

రాత్రి చిక్కడపల్లిలో, కింద మిర్చిబండి మూసేశాక,
నివేదికలో మూడో ప్రశ్న దగ్గర ఆగాను.
ఆరితేరినవాడికి ఇది తట్టేదేనా?
తట్టేదే, అని టైపు చేశాను.
అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయింది.
చాలాసేపు ఆ మాట వంకే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు వాడు, ఇన్నేళ్లకి.
రబ్బరు బూట్లు, చంకలో నా రెండు కాగితాలు.
రెండూ చదివాడు. తొట్టి దగ్గర నిలబడ్డాడు.
చెంప తడుముకున్నాడు.
స్విచ్చి జోలికి పోలేదు.