స్టాపు

మా అత్తగారు ల్యెర్కా ఒడ్డునే ఉంటుందనుకున్నాం,
గొడుగు కింద, సంచులకు కాపలాగా,
ఒళ్లో అత్తిపళ్ల పొట్లంతో.
విస్ దీవిలో మా గైడు టోంచి కూడా
మూడే కళ్లద్దాలు తెచ్చాడు.
"నావేవీ?" అంది.

డెబ్భై ఒకటో ఏట ఆవిణ్ణి
రబ్బరు సూటులోకి దూర్చడానికి
ముగ్గురం కావలసివచ్చింది.
టోంచి నీళ్ల స్కూటర్ చేతికిచ్చి
నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది
అని రెండుసార్లు చెప్పాడు.
అప్పుడు ఆవిడ అతణ్ణి చూసిన చూపు!
జాగ్రెబ్‌లో ఇరవై ఆరేళ్లు ట్రాము నడిపిన మనిషి.

గొట్టంలోంచి ఓ గుక్కెడు ఉప్పునీళ్లు మింగింది.
తలెత్తి సముద్రాన్ని ఓ తిట్టు తిట్టి
మళ్లీ ముఖం ముంచింది.
ఇక అంతే.
మావాడు యూరై కాళ్లు టపటపలాడిస్తూ వెనకాల,
మా ఆయన నొక్కుతూ, వదులుతూ, ఎటో తిరిగిపోతూ,
అందరికంటే వెనక నేను.
అడుగున ఇసుక మీద ఆవిడ నీడ
పట్టాలు వేసినట్టు తిన్నగా పోతోంది.

సముద్రపు గడ్డి మొదలైన చోట
బటన్ మీంచి వేలు తీసేసింది.
రొద ఆగాక
నా ఊపిరి నాకే పరాయిదిలా వినబడింది.
పసుపు చారల చేపలు, వందో రెండు వందలో,
గడ్డిలోంచి లేచి
ఆవిడ మోచేతుల పక్కనుంచి, చంకల కిందనుంచి,
ఏ తొందరా లేకుండా.
ఆవిడ కదల్లేదు.
అందరూ ఎక్కేదాకా ఆగడం
ఆ చేతులకు తెలుసు.

ఒడ్డున, వణుకుతూ, అత్తిపండు కొరుకుతూ
ఒక్కమాటే అంది:
"ఒక్కటీ టిక్కెట్టు తీసుకోలేదు."