క్యాంపులో

ఈద్‌కి మూడు రోజులు సెలవు.
ఖురియాత్ దాటేదాకా తారు రోడ్డు, నున్నగా.
తలకి సైట్లో ఇచ్చిన పసుపు హెల్మెట్లే.

తర్వాత కంకర.
హ్యాండిల్ పట్టిన అరచేతుల్లో
డ్రిల్లింగ్ మెషీన్ వణుకు మళ్ళీ మొదలైంది.
"సెలవులోనూ డ్యూటీయేనా?" మస్తాన్ నవ్వాడు.

వాదిలో ఇసుక. దిగి తోశాం.
మూడో పంక్చరుకి ప్యాచీలు అయిపోతే
ఎల్లేశం ట్యూబు కోసి ముడేశాడు.
చక్రం తిరిగినప్పుడల్లా ఒక ఎగురు.
గతుకుల్లో వడ్లబండి ఎక్కినట్టుందట,
దిగనంటాడు.

రెండో రాత్రి ఫిన్స్ ఒడ్డున
సైకిళ్ళు రెండు నిలబెట్టి మధ్యన టార్పాలిన్ కట్టాం.
ఖుబూస్, ఉల్లికారం.
ఖర్జూరాల సంచి మాత్రం
ఎవరిదో మేక తీసుకెళ్ళింది.

అక్క ఫోన్ చేసింది.
ఎక్కడున్నావ్?
క్యాంపులో, అన్నాను.
ఆరేళ్ళుగా అదే జవాబు,
ఇవాళ నోట్లో కొత్తగా తిరిగింది.

"ఆ హోరేంట్రా?
ఎనిమిది మంది పడుకునే గదిలో
ఏసీ బాగు చేయించరా మీవాళ్ళు?"

ఏమీ చెప్పలేదు.
లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా
మోకాళ్ళ దాకా నడిచి
ఫోను నీళ్ళ వైపు తిప్పాను.

చాలాసేపు అటునుంచి మాట లేదు.

పొద్దున్నే బయల్దేరాలి.
సూర్ ఇంకా అరవై కిలోమీటర్లు,
సగం రాళ్ళేనట.